ఉప్పునీటి తొట్టిలోనికి క్రొత్త చేప

గత వేసవి సెలవుల పిమ్మట పాఠశాల తెఱచిన వారములో, ఏడవ తరగతి చదువుచున్న బాలుడొకడు తన తండ్రితో కూడ మా యింటికి వచ్చెను. వారి యింట సముద్రపు నీటి తొట్టి యొకటి కలదు. అందులో నారింజ రంగు మేనిపై తెల్లని పట్టెలు గల రెండు క్లౌన్ చేపలు ఎనిమిది మాసములుగా సుఖముగా నున్నవి. ఇప్పుడు మూడవ చేప కావలెనని బాలుని కోరిక. "ఎవరి యింటను లేని చేప కావలెను, అయ్యవారూ" అనెను. అతని చేతిలోని కాగితముపై మూడు పేర్లు వ్రాసి యుండెను: సముద్రపు గుఱ్ఱము, సింహపు చేప, మాండరిన్ చేప.

తండ్రి, "వీనిలో దేనిని కొనమందురో మీరే సెలవియ్యవలెను. రేపు పనిమీద బెంగుళూరు పోవుచున్నాను, రాత్రికి తెచ్చి తొట్టిలో విడిచెదము" అనెను.

"మూడింటిలో ఏదియు వలదు. వేఱొక చేపను చెప్పెదను. కాని దానిని తెచ్చిన తరువాత కూడ ఆరు వారములు పెద్ద తొట్టిలో విడువరాదు" అని నేను చెప్పగా బాలుని ముఖము చిన్నబోయెను. నేనట్లు చెప్పుటకు గల కారణములను ఆనాడు వారికి వివరించితిని. గాజు తొట్టెలలో చేపలను పెంచు ముచ్చట మన ఊరి గృహములలోను, కృష్ణగిరి, హోసూరులలోను కనబడుచున్నది గనుక, ఆ విషయములనే మన పాఠశాల తల్లిదండ్రులందఱి కొఱకు ఇచట వ్రాయుచున్నాను.

నా తొందర

మొదట నా తప్పును చెప్పుకొనుట న్యాయము. సుమారు పది సంవత్సరముల క్రిందట మా యింటి తొట్టిలో ఐదు సముద్రపు చేపలుండెను. వానిలో క్లౌన్ జంట మూడేండ్లుగా పెరుగుచుండెను. ఒక దినమున నగరములో అందమైన పసుపు వన్నె చేపను చూచి, ఆశపడి కొని, ఆ రాత్రియే తొట్టిలో విడిచితిని. పిల్లలు నిద్రపోకుండ కాచుకొని యుండిరి. వారిని నిరాశపఱచుట నాకిష్టము లేకపోయెను.

ఆఱవ దినమున క్రొత్త చేప రెక్కలపై ఉప్పు రవ్వలవంటి తెల్లని చుక్కలు కనబడెను. ఎనిమిదవ దినమునకు తక్కిన చేపలు కూడ రాళ్ళకు ఒడలు రాచుకొనసాగినవి. పదునైదవ దినము గడచునప్పటికి ఆరింటిలో ఐదు చనిపోయినవి. మా అమ్మాయి వానిని పెరటిలోని మల్లెచెట్టు క్రింద పూడ్చి వచ్చి, "నాన్నగారూ, క్రొత్త చేప వచ్చుట వలననే కదా మన చేపలు చచ్చినవి?" అని యడిగెను. "కాదమ్మా, నా తొందర వలన చచ్చినవి" అని చెప్పవలసి వచ్చెను. చేప తప్పేమియు లేదు. అది తెచ్చిన రోగమును కనిపెట్టుటకు నేను వ్యవధి నియ్యలేదు.

సముద్రము లేని ఊరిలో సముద్రపు నీరు

చెన్నపట్టణపు మెరీనా తీరమున 1909వ సంవత్సరములో చేపల ప్రదర్శనశాల యొకటి తెఱచిరి. మ్యూజియము అధికారిగా నుండిన ఎడ్గార్ థర్‌స్టన్ దొర ఆలోచనకు అది ఫలము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, బాంబుల భయముచేత దానిని మూసివైచిరి. ఆ ప్రదర్శనశాల సముద్రపుటొడ్డుననే యుండెను. మన కావేరిపట్టణమునకు సముద్రము రెండువందల కిలోమీటర్ల దూరమున నున్నది. ఇచట సముద్రమును మనమే కలుపుకొనవలెను.

ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణములుండును. అది కేవలము వంట యుప్పు కాదు. సోడియము, క్లోరైడులతో పాటు సల్ఫేటు, మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మొదలైనవి నియమిత పాళ్ళలో నుండును. కావున అంగడి యుప్పు పనికిరాదు. ఈ పనికై తయారైన లవణ మిశ్రమమునే వాడవలెను.

పిల్లలచేత ఈ లెక్క చేయింపుడు. తొట్టి పొడవు 90, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకొందము. మూడింటిని గుణించి వేయిచేత భాగించినచో సుమారు 182 లీటర్లు వచ్చును. లీటరుకు 35 గ్రాముల చొప్పున ఆరు కిలోగ్రాములకు పైగా లవణము కావలెను. నీటి బరువే 182 కిలోగ్రాములు. గాజును, రాళ్ళను కలిపినచో రెండువందలు దాటును. తొట్టిని బలమైన పీఠముపై నిలుపుట ఎందులకో ఈ లెక్కయే చెప్పును.

ఏ నీటిలో ఈ లవణమును కలుపవలెను? మన ప్రాంతపు బోరు నీరు పలుచోట్ల కఠినజలము. కొన్నిచోట్ల ఫ్లోరైడు కూడ నధికము. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల కొఱకు 2013లో ప్రారంభమైన హొగెనకల్ త్రాగునీటి పథకమునకు కారణము ఆ ఫ్లోరైడే. కుళాయి నీటిలో క్రిములను చంపుటకు కలిపిన క్లోరిను ఉండును. అది మనకు మేలు, చేపకు కీడు. కావున ఇండ్లలో త్రాగునీటికై వాడు ఆర్.ఓ. యంత్రపు నీటిని పట్టి యుంచుకొనవలెను. కొన్ని యంత్రములలో రుచి కొఱకు శుద్ధి కాని నీటిని కొంచెము మరల కలుపు మీట యుండును. తొట్టికి నీరు పట్టునపుడు దానిని మూయింపవలెను.

నీరు ఆవిరియైనపుడు నీరు మాత్రమే పోవును, లవణము నిలుచును. తల్లులు పులుసు కాచునపుడు చూచు విషయమే యిది. ఎక్కువ మరిగినకొలది ఉప్పగును. కావున తగ్గిన నీటికి బదులు ఉప్పులేని శుద్ధజలమునే పోయవలెను. ఉప్పునీటిని పోసినచో దినదినమును గాఢత పెరుగును. వేసవిలో మన ఊర ఎండ 37, 38 డిగ్రీలను తాకు దినములు కలవు. ఈ చేపలకు 24 మొదలు 27 డిగ్రీల వఱకు గల నీరు హితము. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. నీటిపై గాలి వీచునట్లు చిన్న పంకా నమర్చినచో ఒకటి రెండు డిగ్రీలు తగ్గును. విద్యుత్తు నిలిచినపుడు గాలి నిచ్చుటకు బ్యాటరీ పంపు ఇంట నుండవలెను.

నీటి గాఢత చేపకు ఇంత ముఖ్యమగుట ఏల? సముద్రపు చేప శరీరములోని ద్రవము చుట్టునున్న నీటికంటె చాల తక్కువ ఉప్పగా నుండును. అందువలన దాని యొడలిలోని నీరు సదా వెలుపలికి పోవుచుండును. నీటి నడుమ నుండియు అది దాహముగొని సముద్రమును త్రాగును; అధికమైన ఉప్పును మొప్పల ద్వారా వెలికి పంపును. చెరువు చేప పని దీనికి వ్యతిరేకము. గాఢత ఒక్కసారిగా మాఱినచో ఈ యేర్పాటంతయు కలతపడును. ఒక నీటినుండి మఱియొక నీటిలోనికి చేపను మెల్లమెల్లగా మార్చుట అందుకొఱకే.

ఒక నోరు పెరుగుట

చేప విసర్జనము వలనను, మిగిలిన మేత కుళ్ళుట వలనను నీటిలో అమ్మోనియా పుట్టును. అది విషము. తొట్టి రాళ్ళపైనను, వడపోత యంత్రములోను పెరుగు ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. మఱియొక జాతి సూక్ష్మజీవులు దానిని అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చును. నైట్రేటును మనము నీరు మార్చుటచేత తగ్గింపవలెను. ఈ సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో తగినంతగా పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. నీరు పోసిన మఱునాడే చేపలను వేసినవారి తొట్టెలలో చావులు కలుగుటకు ముఖ్యకారణ మిదియే.

పాత తొట్టిలోనైనను ఈ పరిచారకుల సంఖ్య అచట నున్న చేపలకు సరిపోవునంతయే యుండును. ఇద్దఱికి వండిన యింటికి చెప్పకుండ మూడవవాడు భోజనమునకు వచ్చినట్లు, క్రొత్త చేప చేరగానే కొన్నాళ్ళు లెక్క తప్పును. అందుచేత ఒకమాఱు ఒక చేపను మాత్రమే చేర్చవలెను. తరువాత రెండు వారములు మేతను తగ్గించి, అమ్మోనియాను పరీక్షించుచుండవలెను. అది సున్నగా నుండవలెను.

మూడు పేర్లు, మూడు అడ్డంకులు

ఇక బాలుని కాగితములోని పేర్లను చూతము.

సముద్రపు గుఱ్ఱము నిజముగా చేపయే. దానికి జీర్ణాశయము లేదు. కావున దినమునకు పలుమాఱులు సజీవమైన చిన్న ఆహారమును తినవలెను. తోకతో మొక్కను పట్టుకొని నిలుచును; మెల్లగా కదలును. చుఱుకైన చేపలు దాని మేతను దాని కన్నుల యెదుటనే తినివేయును. ఆడది గ్రుడ్లను మగదాని పొట్టసంచిలో పెట్టగా, మగదియే పిల్లలను మోసి కనును. ఇంత వింత జీవిని ఇంట నుంచుకొనవలెనని యెవరికి తోచదు? కాని మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001లో ఈ కుటుంబమునంతను రక్షిత జీవుల పట్టికలో చేర్చిరి. సముద్రమునుండి దానిని పట్టుటయు, అమ్ముటయు నేరము. అదే యేట మన సముద్రములలోని పగడములు కూడ ఆ పట్టికలో చేరినవి. ఎవరైనను "రామేశ్వరపు పగడపు ఱాయి" అని చూపినచో ముట్టకుడు. మన్నారు అఖాతములోని 21 దీవులను 1986లో జాతీయ సముద్ర వనముగా ప్రకటించుట ఆ జీవులను కాపాడుట కొఱకే. ఇంటి తొట్టికి కృత్రిమముగా చేసిన ఱాయి చాలును.

సింహపు చేప రెక్కలు విప్పినపుడు విసనకఱ్ఱలు విప్పినట్లుండును. కాని అది ఒక అడుగుకు మించి పెరుగును. నోట పట్టు ప్రతి చేపను మ్రింగును. క్లౌన్ చేపలు దానికి పొరుగువారు కావు, భోజనము. దాని వీపు ముండ్లలో విషమున్నది. తొట్టి కడుగు బాలుని చేతికి గ్రుచ్చుకొన్నచో భరింపరాని బాధ కలుగును. దానిని తెచ్చి విసుగు చెందినవారు చేయు తప్పు మఱింత పెద్దది. మన హిందూ, పసిఫిక్ మహాసముద్రములకు చెందిన యీ జాతి 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరమున కనబడెను. పెంపుడు తొట్టెలనుండి విడువబడినవే దానికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. తరువాత అది కరీబియను సముద్రమంతట వ్యాపించి అచటి చిన్న చేపలను హరించుచున్నది.

మాండరిన్ చేప పశ్చిమ పసిఫిక్ సముద్రమునకు చెందినది. నీలము, నారింజ, పచ్చ రంగులతో కలంకారీ వస్త్రమువలె నుండును. అది శాంతమైనది, చిన్నది. దాని విషయములో చట్టపు చిక్కు కూడ లేదు. కాని అది రాళ్ళనంటి తిరుగు కంటికి కనబడీ కనబడని పురుగులనే ఏఱుకొని తినును. మనము వేయు పొడి మేతను సాధారణముగా ముట్టదు. చిన్న తొట్టిలోని పురుగులు కొన్ని వారములలో తీఱిపోవును. తరువాత చుట్టు మేత యుండగనే అది ఆకలితో కృశించును. చూచువారు "చేప బాగుగానే తిరుగుచున్నది కదా" యని యనుకొనుచునే యుందురు.

"ఐన మఱియొక క్లౌన్ చేప నైనను తెచ్చెదము" అని బాలుడనెను. దానికిని అడ్డంకి యున్నది. ఈ చేపలన్నియు మొదట మగవిగానే పెరుగును. గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడదిగా మాఱును. రెండవది దానికి జోడగును. కుదిరిన జంట మూడవదానిని పెక్కుసారులు బ్రతుకనీయదు.

ఇన్ని అడ్డంకులను చెప్పిన తరువాత, చేపను కొనుటకు ముందు వేయవలసిన ప్రశ్నలను బాలుని చేతనే వ్రాయించితిని. ఇది ఎంత పెద్దదగును? ఏమి తినును? మన యింట నున్నవానితో పొసగునా? చట్టము ఒప్పునా? ఎచటినుండి వచ్చినది? రంగును గూర్చిన ప్రశ్నను ఆఱవదిగా వ్రాసికొనుమంటిని.

ఎచటినుండి వచ్చినది

ఈ ఐదవ ప్రశ్నను పెద్దలు కూడ మఱచెదరు. అంగళ్ళలోని మంచినీటి రంగు చేపలలో ఎక్కువ భాగము చెరువులలో, తొట్టెలలో పుట్టి పెరిగినవి. సముద్రపు చేపలలో ఎక్కువ భాగము నేటికిని సముద్రమునుండి పట్టి తెచ్చినవే. ఫిలిప్పీన్స్ దీవులలో 1960ల నుండి కొందఱు సయనైడు ద్రావణమును పగడపు సందులలో చిమ్మి, మైకము క్రమ్మిన చేపలను పట్టుట నేర్చిరి. అట్టి చేపలు పైకి ఆరోగ్యముగా కనబడినను, పెక్కు కొన్నాళ్ళకే చనిపోవును. వానితో పాటు పగడములును చచ్చును.

ఐనను మంచి మార్గము కూడ ఏర్పడినది. 1947లో స్థాపింపబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారును, కడలూరు జిల్లా పరంగిపేటలో నున్న అణ్ణామలై విశ్వవిద్యాలయపు సముద్ర జీవశాస్త్ర కేంద్రమువారును క్లౌన్ చేపలను తొట్టెలలోనే గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచు విధానమును సాధించిరి. అట్లు పుట్టిన చేప తొట్టి నీటికిని, పొడి మేతకును అలవాటుపడి యుండును. దానికై సముద్రమున ఒక జీవిని తగ్గింప నక్కఱలేదు. "ఇది పెంపకపు చేపయా, పట్టిన చేపయా?" అని అడుగుట కొనువారి ధర్మము.

ఆరు వారముల వాసము

ఇప్పుడు నా పాత తప్పునకు వత్తము. ఆనాడు మా చేపలను చంపినది తెల్లచుక్కల రోగము. దానిని కలిగించునది ఒక ఏకకణజీవి. అది చేప చర్మములో నాలుగైదు దినములు తిని, రాలి, ఇసుకపై గూడు కట్టుకొనును. చుక్కలు మాయమగుటచే రోగము నయమైనదని మనము సంతసింతుము. ఆ గూడు కొన్ని దినములకో, కొన్ని వారములకో పగిలి వందలకొలది పిల్లజీవులను వదలును. విశాలమైన సముద్రమున వానికి చేప దొరకుట కష్టము. గాజు తొట్టిలో చేప ఎచటికి పోగలదు? కావుననే సముద్రమున చిన్న వ్యాధి తొట్టిలో మహామారి యగును.

ఈ రోగమునకు రాగి లవణపు మందు కలదు. కాని అది నత్తలను, రొయ్యలను చంపును, రాళ్ళలోనికి ఇంకును. కావున పెద్ద తొట్టిలో వేయరాదు. అందుకే క్రొత్త చేపకు వేఱు వాసము కావలెను. నలుబది లీటర్ల చిన్న తొట్టి చాలును. ఇసుక వలదు. దాగుటకు ప్లాస్టిక్ గొట్టపు ముక్కలు, చిన్న వడపోత యంత్రము, మూత ఉండవలెను. వడపోతలోని స్పాంజిని ముందుగా రెండు మూడు వారములు పెద్ద తొట్టిలో నుంచి, అందులో సూక్ష్మజీవులు పట్టిన తరువాత దీనిలో పెట్టవలెను. గిన్నె, వల, గొట్టము అన్నియు వేఱుగా నుండవలెను. ఒక తొట్టిలో ముంచిన చేతిని కడుగక రెండవదానిలో ముంచరాదు.

నాలుగు వారములు కనీసము, ఆరు వారములు ఉత్తమము. ఈ కాలములో చేప తినుచున్నదా, ఊపిరి వేగముగా తీయుచున్నదా, ఒడలు రాచుకొనుచున్నదా యని దినమును చూచి వ్రాయవలెను. రోగము కనబడినచో, మందులు తెలిసినవారి నడిగి, కొలత ప్రకారము ఆ చిన్న తొట్టిలోనే వేయవలెను. నా తొట్టిలో రోగము ప్రవేశించిన తరువాత, మిగిలిన ఒక్క చేపను వేఱుచేసి, పెద్ద తొట్టిని పదునొకండు వారములు చేప లేకుండ ఉంచవలసి వచ్చెను. ఆరు వారములు ఆగలేనివాడు పదునొకండు వారములు ఖాళీ తొట్టిని చూచెను.

ప్రవేశ దినము

చేప నింటికి తెచ్చిన నాడు సంచిని విప్పకుండ ఇరువది నిమిషములు తొట్టి నీటిపై తేలనీయవలెను. అందుచే వేడిమి సమమగును. పిమ్మట చేపను సంచి నీటితో గిన్నెలోనికి మార్చి, సన్నని గొట్టముతో తొట్టి నీటిని చుక్కలుగా రానీయవలెను. సుమారొక గంటలో గిన్నెలోని నీరు రెట్టింపు కావలెను. పిదప చేపను మాత్రమే తొట్టిలో విడిచి, ఆ నీటిని పాఱబోయవలెను. బహుదూరము ప్రయాణించిన సంచిలోని నీరు మురికిది. దానిని తొట్టిలో పోయుట తగదు.

వాసము ముగించి పెద్ద తొట్టిలోనికి మార్చు దినమున రాళ్ళను కొంచెము అటునిటు మార్చవలెను. అప్పుడు పాత చేపలకును ఆ చోటు క్రొత్తదగును. "ఇది నా మూల" యను పంతము తగ్గును. వానికి ముందుగా మేత వేసి, దీపము లార్పి, సాయంకాలమున క్రొత్తదానిని విడువవలెను. ఆ రాత్రి గాజును తట్టరాదు, చుట్టములను పిలిచి చూపరాదు.

మన నది

ఒక హెచ్చరిక చేయక ముగింపరాదు. పెంపుడు చేప పెద్దదైనను, విసుగు పుట్టించినను, దానిని ఏటిలోనో చెరువులోనో వదలుట దయ యని కొందఱు తలంతురు. సముద్రపు చేప మంచినీటిలో బ్రతుకదు, అది హింస. మంచినీటి పెంపుడు చేప బ్రతుకును. అది మఱింత హాని. గాజుకు పట్టిన పాచి తినునని తొట్టెలలో వేయు సక్కరు చేప దక్షిణ అమెరికాకు చెందినది. అట్లు విడువబడినది ఆంధ్రదేశపు జలాశయములలోను, చేపల చెరువులలోను పెరిగి, వలలను చింపి, రైతులను బాధించుచున్నది. అచటివారు దానిని దెయ్యపు చేప యనుచున్నారు. మన పెన్న నంది కొండలలో పుట్టి, కృష్ణగిరి జలాశయమును దాటి, మన ఊరి ప్రక్కగా పాఱి, కడలూరు వద్ద సముద్రమున కలియుచున్నది. మనము విడిచినది మన ఊరితో ఆగదు. ఉంచుకొనలేని చేపను కొన్న యంగడికో, తొట్టి గల మిత్రునికో ఇచ్చివేయవలెను.

ఇంతకు ఏ చేప?

బాలునికి నేను చెప్పినది కావలి గోబీ యను చిన్న పసుపు చేప. నాలుగంగుళములకు మించదు. పొడి మేతను తినును. క్లౌన్ చేపలు పైభాగమున నుండగా ఇది ఇసుకపై నుండును. కావున తగవు తక్కువ. దాని వింత రంగులో లేదు, నడవడిలో నున్నది. పిస్తోలు రొయ్య యను చిన్న రొయ్యతో ఇది కలిసి కాపురము చేయును. రొయ్యకు చూపు మందము. కాని అది ఇసుకను త్రవ్వి బొరియ చేయగలదు. చేపకు త్రవ్వుట రాదు. కాని చూపు కలదు. రొయ్య పని చేయునంత సేపు దాని మీసము చేపపై నుండును. అపాయము తోచగానే చేప తోక నాడించును. రెండును బొరియలో దూరును.

తండ్రి జూలై మాసమున ఆ చేపను తెచ్చి చిన్న తొట్టిలో నుంచెను. నాలుగు దినములు అది గొట్టమునుండి వెలుపలికి రాలేదు. బాలుడు ప్రతి యుదయము పాఠశాలలో నావద్దకు వచ్చి, "ఇంకను తినలేదు, అయ్యవారూ" అని చెప్పుచుండెను. ఐదవ దినమున తినెను. అతడు ప్రతి దినమును తేది, వేడిమి, నీటి గాఢత, మేత, ఊపిరి వ్రాసిన నోటు పుస్తకము నాయొద్ద నున్నది. మొదటి వారపు పుటలలో ప్రతి దినము క్రింద "ఇంకెన్ని నాళ్ళు?" అని వ్రాసికొనెను. మూడవ వారమునుండి ఆ ప్రశ్న కనబడదు. దానికి బదులు, "నేడు కుడి రెక్కను ముందుగా కదలించినది", "నన్ను చూచి దాగలేదు" అని వ్రాసినాడు.

నలుబది మూడవ దినమున చేప పెద్ద తొట్టిలో చేరెను. తొట్టిపై సందు లేని మూత పెట్టించితిని, ఏలనన ఈ జాతి ఎగిరి నేలపై పడును. క్లౌన్ జంట రెండు దినములు దానిని తఱిమి ఊరకుండెను. వేఱొక పాత్రలో కొన్ని వారములుంచిన రొయ్యను దీపావళి తరువాత విడిచిరి. ఈ వ్యాసము వ్రాయునాటికి రెండును ఎడమ ఱాతి క్రింద బొరియ చేసికొని యున్నవి.

తల్లిదండ్రులారా! పిల్లలు చేప కావలెనని యడిగినపుడు వెంటనే కాదనకుడు. వెంటనే కొనియు నియ్యకుడు. ఆ ప్రశ్నలను వ్రాయించి, చిన్న తొట్టిని సిద్ధము చేయింపుడు. నీరు కొలుచుట, లెక్క వేయుట, ఒక మూగజీవి ఆకలిని కనిపెట్టుట ఆ తొట్టియొద్ద వారు నేర్చుకొందురు. మొన్న ఆ బాలుని తండ్రి నన్ను చూచి, "అయ్యవారూ, ఇప్పుడు వాడు నాలుగవ చేపను అడుగుట లేదు, అడిగినచో ముందు తానే ఐదు ప్రశ్నలను వ్రాసి తెచ్చెదనని చెప్పినాడు" అనెను.